బంతి లోపల, కొట్టినవాడు బయట: బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్టెరాయిడ్ పేచీ

[తెరపై: బేస్‌బాల్ బాగా దగ్గరగా. తెల్ల తోలు మీద చెక్కిన నక్షత్రం గుర్తు.]

2007 ఆగస్టు 7న శాన్ ఫ్రాన్సిస్కోలో బ్యారీ బాండ్స్ కొట్టిన 756వ హోమ్ రన్ (బంతిని మైదానం గోడ దాటించే దెబ్బ) బంతి ఇది. హ్యాంక్ ఆరన్ పేరిట ఉన్న 755 రికార్డు దీంతోనే చెరిగిపోయింది. మార్క్ ఎకో అనే ఫ్యాషన్ డిజైనర్ ఈ బంతిని వేలంలో ఏడున్నర లక్షల డాలర్లకు పాడుకుని, దీన్నేం చేద్దామని ఇంటర్నెట్‌లో జనాన్ని ఓటు అడిగాడు. నక్షత్రం గుర్తు కొట్టి పంపెయ్యమన్నారు. అంటే, ఈ రికార్డు పక్కన చిన్నక్షరాల్లో స్టెరాయిడ్ల మాట ఒకటి ఉందని చెప్పడం. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంకి ఆ బంతి చేరిపోయింది. 762 హోమ్ రన్లతో ఆట మానేసిన బాండ్స్‌కి మాత్రం, ఎన్నికైన ఆటగాళ్లకు పెట్టే కంచు ఫలకం అక్కడ లేదు.

[తెరపై: ఓటు పత్రం.]

ఓటేసేది అభిమానులు కాదు, బేస్‌బాల్ రచయితల సంఘంలో పదేళ్లు సభ్యులుగా ఉన్న విలేకరులు. ఆటగాడు కనీసం పది సీజన్లు ఆడి, రిటైరై ఐదేళ్లు గడవాలి. ఒక్కో ఓటరు పది పేర్ల దాకా టిక్ పెట్టొచ్చు. 75 శాతం వస్తే ఫలకం. 5 శాతం రాకపోతే పేరు తీసేస్తారు. పదేళ్లకు గడువు తీరిపోతుంది. ఆట, రికార్డులతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, నడవడిక కూడా చూడాలని నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. తగాదా అంతా ఆ వాక్యం దగ్గరే.

స్టెరాయిడ్ వేసుకుంటే బంతి బ్యాట్‌కి తగులుతుందా అని చాలామంది అడుగుతారు. తగలదు. ఆ కన్ను, ఆ టైమింగ్ ముందే ఉండాలి. మందు చేసేది వేరే పని. సీజన్‌కి 162 ఆటలు, దాదాపు రోజూ ఆట. బరువులెత్తి అలిసిన కండరం త్వరగా కోలుకుంటే మళ్లీ ఎత్తొచ్చు, కండ పెరుగుతుంది. టఫ్ట్స్ యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ రోజర్ టోబిన్ లెక్క ప్రకారం కండ 10 శాతం పెరిగితే బ్యాట్ వేగం 5 శాతం, బ్యాట్ నుంచి దూసుకెళ్లే బంతి వేగం 4 శాతం పెరుగుతాయి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ గోడ దగ్గర క్యాచ్ కావాల్సిన బంతులు గోడ దాటేస్తాయి కదా, హోమ్ రన్లు కనీసం సగం మేర పెరుగుతాయని ఆ లెక్క తేల్చింది.

[తెరపై: చిన్న క్రీమ్ డబ్బా, డ్రాపర్ సీసా.]

బాల్కో అనే కాలిఫోర్నియా కంపెనీ సరుకు ఈ రెండూ. నాలుక కింద చుక్కలు వేసుకునేది "క్లియర్", ఒంటికి రాసుకునేది "క్రీమ్". క్రీమ్‌లో తెలివి చూడండి. మన మూత్రంలో టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్), దాన్ని పోలిన ఎపిటెస్టోస్టెరాన్ ఇంచుమించు ఒకటికి ఒకటిగా ఉంటాయి. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే మొదటిది ఒక్కటే పెరుగుతుంది. అప్పట్లో ఆరుకు ఒకటి దాటితే అనుమానించేవారు. అందుకని క్రీమ్‌లో రెండూ కలిపేశారు. నిష్పత్తి కదలదు. క్లియర్‌లో ఉన్నది టీహెచ్‌జీ అనే స్టెరాయిడ్. మామూలు పరీక్షకి నమూనాను సిద్ధం చేసేటప్పుడే అది విరిగిపోయేది కాబట్టి యంత్రానికి కనపడేది కాదు. 2003లో ఒక పరుగు పందేల కోచ్ వాడేసిన సిరంజిని డోపింగ్ నిరోధక సంస్థకు పంపాడు. లాస్ ఏంజెలెస్ ల్యాబ్‌లో డాన్ కాట్లిన్ బృందం దాని అడుగున మిగిలిన తడి నుంచి మందు గుట్టు లాగి, కొత్త పరీక్ష తయారు చేసింది.

బేస్‌బాల్‌కి ఇంత తెలివి కూడా అక్కర్లేకపోయింది, పరీక్షే లేదు కాబట్టి. స్టెరాయిడ్లు నిషిద్ధమని 1991లో కమిషనర్, అంటే లీగ్ అధిపతి, జట్లకు లేఖ రాశాడు. కోరల్లేని పులి అది. 1994లో ఆటగాళ్ల సమ్మెతో ఏటా చివర జరిగే ఫైనల్ వరల్డ్ సిరీస్ రద్దయి జనం మొహం తిప్పుకుంటే, 1998లో మార్క్ మెగ్వైర్ 70, సామీ సోసా 66 హోమ్ రన్లు కొట్టి వాళ్లను మళ్లీ స్టేడియాలకు రప్పించారు. అప్పుడు జట్ల యజమానులకూ, ఆటగాళ్ల యూనియన్‌కూ, ఇవాళ ఓటేసే విలేకరుల్లో చాలామందికీ పెద్దగా ప్రశ్నలు పుట్టలేదు. 2003లో పేర్లు బయటపెట్టకుండా నమూనా పరీక్షలు చేశారు. 5 శాతం మించి దొరికితేనే తర్వాతి ఏడాది నుంచి అసలు పరీక్షలన్నారు, మించింది. అయినా 2004లో మొదటిసారి దొరికితే చికిత్స మాత్రమే. 2005లో పది రోజులు, 2006 నుంచి 50 ఆటలు, 2014 నుంచి 80 ఆటల సస్పెన్షన్.

[తెరపై: కాలరేఖ మీద 2005 ఎరుపు రంగులో.]

మా గీత ఇక్కడ. శిక్ష ఉందని తెలిసీ దొరికినవాళ్లకు ఫలకం వద్దు. 2005 మార్చి 17న అమెరికా కాంగ్రెస్ ముందు వేలు చూపిస్తూ "నేనెప్పుడూ వాడలేదు" అన్న రఫాయెల్ పాల్మీరో అదే ఏడాది ఆగస్టులో స్టానొజొలాల్ అనే స్టెరాయిడ్‌తో దొరికాడు. 569 హోమ్ రన్లు, మూడు వేలు దాటిన హిట్లు ఉన్నా 2014లో 4.4 శాతంతో జాబితా నుంచే పోయాడు. 2014 సీజన్ మొత్తం సస్పెండైన అలెక్స్ రోడ్రిగెజ్‌కీ ఇదే మాట.

బాండ్స్ కేసు వేరు, అతనికి ఫలకం ఇవ్వాలంటాం. 1998 ముగిసేసరికే 411 హోమ్ రన్లు, 445 స్టీల్స్ (పరుగెత్తి దొంగిలించిన బేస్‌లు), మూడుసార్లు ఎంవీపీ (ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు). అతని మీద ఆరోపణలు ఆ తర్వాతి కాలానివి. క్రీమ్, క్లియర్ వాడాను గానీ స్టెరాయిడ్లని తెలీదన్నాడు, నమ్మడం కష్టం. ఇదే ఆరోపణ ఉన్న పిచ్చర్ (బంతి విసిరేవాడు) రోజర్ క్లెమెన్స్ ఇప్పటికీ కాదంటాడు, అబద్ధపు సాక్ష్యం కేసులో 2012లో నిర్దోషిగా తేలాడు. స్టెరాయిడ్లకి ఇద్దరూ ఎన్నడూ సస్పెండ్ కాలేదు. 2022లో చివరి అవకాశంలో బాండ్స్‌కి 66, క్లెమెన్స్‌కి 65.2 శాతం. అదే రోజు డేవిడ్ ఓర్టిజ్ 77.9తో గెలిచాడు. 2003 నమూనా పరీక్షల్లో దొరికినవాళ్ల జాబితాలో అతని పేరుందని న్యూయార్క్ టైమ్స్ రాసింది, ఆ జాబితాలో పదికి పైగా ఫలితాలు సందేహాస్పదమని తర్వాత వచ్చిన కమిషనర్ అన్నాడు. ఆ సందేహ లాభం అతనికివ్వడం సబబే. కానీ ఆ కాలమంతా కమిషనర్ కుర్చీలో ఉన్న బడ్ సెలిగ్‌కి 2017లో ఫలకం పెట్టి, ఆటగాళ్లను ఆపడం ఒక కంట వెన్న, ఒక కంట సున్నం.

మా వాదనలో బలహీనత ఫ్రెడ్ మెగ్రిఫ్. ఏ మచ్చా లేని 493 హోమ్ రన్లు, స్టెరాయిడ్ అంకెల పక్కన చిన్నగా కనిపించి పదేళ్లూ ఓడిపోయాడు. 2022 డిసెంబరులో, విలేకరుల ఓటు గడువు తీరినవాళ్లను చూసే 16 మంది కమిటీ అతన్ని ఏకగ్రీవంగా తీసుకుంది. అదే కమిటీలో బాండ్స్‌కి నాలుగు ఓట్లు కూడా రాలేదు. ఆ నష్టం కప్పిపుచ్చకూడదు. అందుకే బాండ్స్ ఫలకం పోతపోసేటప్పుడు బాల్కో పేరు కూడా కంచులోనే పోయాలంటాం.

[తెరపై: ఖాళీ గోడ.]

2025 డిసెంబరులోనూ ఆ కమిటీ ఓటింగులో బాండ్స్, క్లెమెన్స్‌లకు ఐదేసి ఓట్లు రాలేదు. కొత్త నిబంధన ప్రకారం తర్వాతి విడతలో వాళ్ల పేర్లు పెట్టరు, మళ్లీ పెడితే 2031లోనే. అప్పుడూ ఐదు ఓట్లు రాకపోతే శాశ్వతంగా తీసేస్తారు.