బడి మూడుంబావుకే ఇడిస్తే ఆరింటిదాకా బిడ్డలు యాడుంటారు? అనంతపురం వాళ్ళ ప్రశ్నకు జవాబు

అందరూ బాగుండారా? సాయినగర్ చిన్నమ్మ, ధర్మవరం అత్త ఇద్దరూ ఒకే మాట అడుగుతాండారు: "బడి మూడుంబావుకు అయిపోతాది, మీరు ఇల్లు చేరేది ఆరుకు. ఆ మధ్యలో బిడ్డల్ని పరాయోళ్ళ చేతిలో ఎట్ల పెడతారు?" ఇంగ్లండులో మేము దానికి ఏం చేస్తామో ఈ వీడియోలో చెప్తా. లోపల మాత్రం ఏమీ చూపించలేను. బడి అయినాక పిల్లల్ని చూసుకునే క్లబ్బులో ఫోన్ బయటికి తీయనీరు, అక్కడ పనిచేసేవాళ్ళను కూడా. మీకు కనబడేది ఈ గేటు, ఈ వాన, అంతే.

ఆఫ్టర్ స్కూల్ క్లబ్ అని, బడి హాల్లోనో, దగ్గర్లో చర్చి హాల్లోనో నడుపుతారు. నేను చెప్పేదంతా ఇంగ్లండు సంగతి, స్కాట్లాండ్, వేల్స్‌లో తనిఖీ చేసేవాళ్ళు వేరే. ఇక్కడ 8 ఏళ్ళ లోపు పిల్లల్ని రోజుకు 2 గంటలకు మించి చూసుకునే క్లబ్బు ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ సంస్థలో రిజిస్టర్ కావల్ల. బడే సొంతంగా నడిపితే ఆ బడి తనిఖీలోనే అదీ కలుస్తాది. ఇలాంటి క్లబ్బులకు మంచి, శానా మంచి అని గ్రేడు ఇవ్వరు. నిబంధనలు పాటిస్తే "మెట్", లేకుంటే "నాట్ మెట్". రిపోర్టు ఆఫ్‌స్టెడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. పైన తేదీ చూడండి. అది పాతదైతే, అప్పుడున్న మేనేజర్ ఇప్పుడు ఉండకపోవచ్చు.

రిపోర్టు కంటే నేను నమ్మేది అప్పగింతను. మూడుంబావు నుంచి మూడుముక్కాలు దాకా, ఆ అర్ధగంటలో పిల్లోడు ఎవరి చేతిలోనుంచి ఎవరి చేతిలోకి పోతాండాడు అనేదే మొత్తం కథ. బాగా నడిచే చోట క్లబ్బు మనిషి పేర్ల పట్టీ పట్టుకుని చిన్న తరగతుల గది గుమ్మం దగ్గరికే వస్తుంది. టీచరు పేరు చదువుతుంది, ఈమె టిక్కు పెడుతుంది, ఇద్దరూ తల లెక్క చూసుకుంటారు. హాల్లోకి పోయినాక ఇంకోసారి లెక్క. క్లబ్బు బడి బయట ఉంటే పిల్లలకు మెరిసే జాకెట్లు తొడిగి జతలుగా నడిపిస్తారు. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగింటికే చీకటి పడతాది, జాకెట్ ఎందుకో అప్పుడు తెలుస్తాది.

తప్పు జరిగేది యాడంటే బడి పట్టీ ఒకటి, క్లబ్బు పట్టీ ఒకటి ఉండేచోట. జ్వరమని బడికి ఫోన్ చేసి చెప్తాము, క్లబ్బుకు చెప్పము. అక్కడ పిల్లోడు కనబడలేదని వెతుకులాట మొదలు. ఇంకోటి, మంగళవారం ఫుట్‌బాల్ వేరేవాళ్ళు నేర్పిస్తారు, నాలుగుంబావుకు అయిపోతాది, ఆ తర్వాత క్లబ్బుకు పోవల్ల. ఆ మైదానం నుంచి హాలు దాకా పిల్లోడు ఎవరి బాధ్యత? చేరేముందే ఈ ప్రశ్న అడగండి. "వాడే నడిచి వస్తాడులే" అంటే చాలు, ఆ క్లబ్బు వద్దు.

ఎంతమందికి ఒక మనిషి అంటే, చట్టంలో మీరనుకున్నంత గట్టి లెక్క లేదు. రిసెప్షన్ తరగతి, అంటే నాలుగైదేళ్ళ వాళ్ళు, ఆ పైవాళ్ళు బడి తర్వాత వచ్చే చోట ఎందరు మనుషులు సరిపోతారో క్లబ్బే తేల్చుకుంటాది. చిన్నోళ్ళకు 8 మందికి ఒకరు, పెద్దోళ్ళకు 10 మందికి ఒకరు అని చాలా క్లబ్బులు సొంతంగా పెట్టుకుంటాయి. కాగితం మీద అదే ఉంటాది. చూడను పోతే మూడున్నరకు పోవద్దండీ, ఐదుంబావుకు పోండి. సగం పిల్లలు వెళ్ళిపోయినాక పనివాళ్ళను కూడా ఇంటికి పంపించేస్తారు కొన్ని చోట్ల. మిగిలిన పిల్లలు టీవీ ముందు, ఒకరు గేటు దగ్గర, ఒకరు గిన్నెలు కడుగుతా కనబడితే అదే అసలు నిష్పత్తి.

ఇప్పుడు మనోళ్ళకు కోపం తెప్పించే సంగతి. శెనక్కాయలు! అనంతపురం జిల్లాలో పుట్టి శెనక్కాయ లేని డబ్బా కట్టడం ఎట్లబ్బా? కానీ ఇక్కడ చాలా బడులు, క్లబ్బులు "నట్ ఫ్రీ" అని బోర్డు పెడతాయి. చట్టం నిషేధించలేదు, వాళ్ళే పెట్టుకున్న నియమం. కొందరు పిల్లలకు శెనక్కాయ ముక్క తగిలితే గొంతు వాచి ప్రాణం మీదికి వస్తాది. చట్టంలో ఉండేది 14 అలర్జీ పదార్థాల జాబితా. అందులో శెనక్కాయలు, నువ్వులు, ఆవాలు, పాలు, గుడ్లు, గోధుమ లాంటి ధాన్యాలు ఉంటాయి.

దీపావళికి క్లబ్బువాళ్ళు "మీ వంట ఏదైనా తెస్తారా" అంటే గర్వంగా చిత్రాన్నం చేస్తాము గదా, లెక్కబెట్టండి: శెనక్కాయ ఒకటి, తాలింపులో ఆవాలు రెండు, ఇంగువ మూడు. డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమ పిండో మైదానో కలిపి ఉంటాది. శెనక్కాయ నూనె కూడా దాచేది కాదు, రిఫైన్డ్ అయినా రాయాల్సిందే. నన్నడిగితే ఉగ్గాని చేయండి. బొరుగులు, పుట్నాల పొడి, సన్‌ఫ్లవర్ నూనె. అప్పుడు కూడా ఆవాలు వేసినామని చీటీ రాసి అంటించండి. బొరుగులు, పుట్నాల ప్యాకెట్ల వెనక "శెనక్కాయ తగిలి ఉండవచ్చు" అని ఉందా చూడండి, మన ఇండియన్ అంగడి ప్యాకెట్లలో అది మామూలే. పొద్దున శెనక్కాయల ఊరిబిండితో దోసె తిన్న పిల్లోడికి సబ్బుతో చేతులు కడిగించి పంపండి, శానిటైజర్ జెల్‌తో శెనక్కాయ అంటు పోదు.

మన బిడ్డకే అలర్జీ ఉంటే ఇంకా జాగ్రత్త. అడ్రినలిన్ పెన్నులు, అంటే అలర్జీ ముదిరితే వెంటనే పొడిచే మందు సూదులు, రెండు బడి ఆఫీసులో పెడతారు. సాయంత్రం ఆఫీసుకు తాళం వేస్తారు, క్లబ్బు మాత్రం ఆరుదాకా నడుస్తాది. పెన్నులు పిల్లోడి వెంబడే క్లబ్బుకు పోతాయా, ఎవరు మోస్తారు, గడువు తేదీ ఎవరు చూస్తారు, ఈ మూడూ అడగల్ల. ఐదేళ్ళ లోపు వాళ్ళ నిబంధనల్లో 2025 సెప్టెంబర్ నుంచి ఒకటి కలిపినారు: పిల్లలు తినేటప్పుడు పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ (చిన్నపిల్లల ప్రథమ చికిత్స) సర్టిఫికెట్ ఉన్న మనిషి ఆ గదిలోనే ఉండల్ల. ఆ సర్టిఫికెట్ 3 ఏళ్ళకోసారి మళ్ళీ తీసుకోవల్ల. శాకాహారులైతే జెల్లీ, మార్ష్‌మాలో వద్దని ఫారంలోనే రాయండి, జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జెలటిన్ ఉంటాది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా, చిన్నమ్మ గుండె పట్టుకుంటాది. రోజుకు 15 పౌన్లు, పౌను 115 రూపాయలు అనుకోండి: రోజుకు 1,725 రూపాయలు. బడి ఏడాదికి 190 రోజులు, మొత్తం 2,850 పౌన్లు, 3,27,750 రూపాయలు. ఒక్క బిడ్డకు! టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ ఖాతాలో మీరు 8 పౌన్లు వేస్తే ప్రభుత్వం 2 కలుపుతాది, 3 నెలలకు 500 దాకా. 3 నెలలకోసారి వివరాలు మళ్ళీ ఖాయం చేయకపోతే ఆగిపోతాది. మన కూచిపూడి క్లాసు రిజిస్టర్ కాకుంటే ఆ ఖాతా డబ్బు దానికి పనికిరాదు. ఇంకో మెలిక: వర్క్ వీసా మీద వచ్చి ఇద్దరికీ "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్", అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదు అని ఉంటే ఇది రానే రాదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇది తెలియక లెక్క తప్పుతారు.

చేర్చే ఫారంలో నాకు ఇష్టం లేని గడి ఒకటుంది. అమ్మానాన్న కాకుండా, దగ్గర్లో ఉండే ఇంకో ఇద్దరి పేర్లు, నంబర్లు. అనంతపురంలో అయితే ఆ గడిలో యాభై పేర్లు పడతాయి. ఇక్కడ పక్క వీధి తెలుగువాళ్ళను బతిమాలి రాసుకుంటాము, వాళ్ళ ఫారంలో మన పేరు. పేరు రాస్తే చాలదు, వాళ్ళకు పాస్‌వర్డ్ కూడా చెప్పిపెట్టండి. అది చెప్పనిదే ఎవరు వచ్చినా పిల్లోడిని ఇడవరు, సొంత మేనమామ అయినా సరే. ఆరు దాటితే ఆలస్య రుసుము వేస్తారు. ఎవరూ ఫోన్ ఎత్తకపోతే, క్లబ్బు నియమం ప్రకారం చివరికి కౌన్సిల్ పిల్లల విభాగానికి ఫోన్ పోతాది. రైలు ఆగిపోతే ముందు క్లబ్బుకే చెప్పండి, మొగునికి తర్వాత.

అత్త అడిగిన ఇంకోటి: హోంవర్క్ ఎవరు చేయిస్తారు? ఎవరూ చేయించరు. చదువు చెప్పాలనే నిబంధన ఈ క్లబ్బులకు లేదు. బొమ్మలు, రంగులు, ఆట, నాలుగుంబావుకు టోస్టో పండో. అది తిని వచ్చి ఏడింటికి అన్నం వద్దంటారు, అది వేరే యుద్ధం. టర్మ్ సెలవుల్లో, టీచర్ల ట్రైనింగ్ రోజుల్లో చాలా క్లబ్బులు మూసేస్తాయి. హాలిడే క్లబ్ అని వేరే ఉంటాది, పూట కాదు, రోజంతా. దాని ఖర్చు వచ్చే వీడియోలో చెప్తా, చిన్నమ్మకు ఈ పూటకు ఇది చాలు.