“యాక్సిడెంట్ వాజ్ హ్యాపెండ్” ఎందుకు తప్పు?

అందరికీ నమస్తే అండి. ఆఫీస్ మెయిల్స్‌లో, ఇంటి ఓనర్‌తో ఫోన్‌లో మన తెలుగువాళ్ల నోట తరచుగా వచ్చే మాట ఒకటుంది: “యాక్సిడెంట్ వాజ్ హ్యాపెండ్”. అందులో ‘వాజ్’ ఉండకూడదు.

చేసినవాళ్లెవరో చెప్పకపోతే పాసివ్ వాయిస్ అని గుర్తుపెట్టుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. నిజానికి పాసివ్ అంటే కర్మని తెచ్చి కర్త స్థానంలో కూర్చోబెట్టడం. అసలు కర్మే లేని క్రియలకి పాసివ్ ఎక్కడిది? హ్యాపెన్, అక్కర్, అరైవ్, డిసప్పియర్, ఎగ్జిస్ట్ అన్నీ ఈ కోవలోవే.

అనుమానం వస్తే వాక్యం ముందు ‘సంబడీ’ పెట్టి చూడండి. “సంబడీ డెలివర్డ్ ద పార్సిల్” కుదిరింది, కాబట్టి “ద పార్సిల్ వాజ్ డెలివర్డ్”. “సంబడీ అరైవ్డ్ ద పార్సిల్” కుదరదు, కాబట్టి “ద పార్సిల్ అరైవ్డ్” అంతే. ఈ పరీక్ష ఇంగ్లీష్‌లోనే చేయాలండి. తెలుగులో ఆలోచిస్తే దారి తప్పుతాం: మనం ఆఫీసుకి చేరతాం, విషయం గురించి చర్చిస్తాం. అందుకే “రీచ్డ్ టు ద ఆఫీస్”, “డిస్కస్ అబౌట్ ద ఇష్యూ” వచ్చేస్తాయి. ఆ ‘టు’, ‘అబౌట్’ తీసేయండి.

కొన్ని క్రియలు రెండువైపులా పనిచేస్తాయి, జాగ్రత్త ఇక్కడే కావాలి. మనకి పగిలింది, పగలగొట్టాను అని వేరువేరు రూపాలున్నాయి. ఇంగ్లీష్‌లో రెండింటికీ ‘బ్రోక్’ ఒక్కటే. ఓపెన్, స్టాప్, చేంజ్ కూడా అంతే. హీటర్ పాడైందని చెప్పబోయి “ద హీటర్ వాజ్ స్టాప్డ్” అంటే, ఎవరో దాన్ని ఆపేశారని రిపేర్ అతనికి అర్థమవుతుంది. “ద హీటర్ స్టాప్డ్ వర్కింగ్” అనండి.

అద్దె దగ్గర రెండు క్రియలు కలిసిపోతాయి. అద్దె దానంతట అది పెరిగితే ‘రైజ్’: “రెంట్స్ హావ్ రిజెన్”. ఓనర్ పెంచితే ‘రెయిజ్’: “మై రెంట్ వాజ్ రెయిజ్డ్”. “వాజ్ రిజెన్” అనే రూపం లేదు. అలాగే “ఈజ్ కన్సిస్టెడ్ ఆఫ్” కాదు, “కన్సిస్ట్స్ ఆఫ్”.

ఇంకొక్కటి, ఇది మీటింగుల్లో రోజూ వినపడేదే. “టెల్ మీ” సరైనదే కదా అని “ఎక్స్‌ప్లెయిన్ మీ” అనేస్తాం. ఎక్స్‌ప్లెయిన్ తర్వాత నేరుగా రావాల్సింది విషయం, మనిషి కాదు: “ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ”.