899 రూపాయల సక్సెస్ డైరీ: రెండు నెలలు వాడాక నా రివ్యూ

నమస్తే అండి. ఇదిగో, మీరందరూ కామెంట్లలో అడుగుతున్న డైరీ ఇదే. ముందే చెప్పేస్తున్నా, కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేం ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. పేజీలెన్ని, అట్ట ఏయే రంగుల్లో దొరుకుతుంది, ఇవన్నీ వేరే చానళ్లలో ఈపాటికి చూసే ఉంటారు. ఇంకు వెనక్కి దిగట్లేదు. అంతే, ఆ సంగతి అయిపోయింది.

దీంట్లో నాకు ఒళ్లు మండింది ఒకచోట, మనసు పడింది ఒకచోట. ముందు ఆ మంట సంగతి చూద్దాం.

ఈ పేజీ చూడండి. 21 గడులు. ఏదైనా అలవాటు రాసుకుని రోజూ టిక్ పెట్టాలి. ఒక్క రోజు తప్పినా మళ్లీ ఒకటో గడి నుంచి మొదలుపెట్టాలట, కింద ఎర్ర అక్షరాల్లో వేశారు. నేను పొద్దున్నే ఐదున్నరకి నడక అని రాసుకున్నా. తొమ్మిది టిక్కులు పడ్డాయి. పదో రోజు మా బావమరిది పెళ్లి. రాత్రి మూడింటికి ముహూర్తం అయితే ఐదున్నరకి ఎవడు లేస్తాడండీ? ఇంతకుముందు ఫోన్లో ఒక యాప్ వాడేవాణ్ని, దానిదీ ఇదే వరస. 43 రోజుల లెక్క ఒక్క జ్వరానికి సున్నా అయింది. ఆ రోజే తీసి పారేశా.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందంటారు కదా, అసలీ 21 ఎక్కడిదో తెలుసా? 1960లో అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాశాడు, ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని. ఆ 'కనీసం' ఎక్కడో జారిపోయి, ముక్కు సరిచేయించుకున్నవాళ్ల లెక్క మన వాకింగుకి వచ్చి పడింది. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని తీసుకుని నిజంగానే కొలిచి చూశారు. అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పట్టొచ్చని లెక్క. నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటుంది: మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. మరి ఆ ఎర్ర అక్షరాలు ఎందుకయ్యా?

సరే, ఇప్పుడు నచ్చింది. ఆదివారం పేజీ. ఇదిగో, దగ్గరగా చూపిస్తా. మూడే గడులు. 'అనుకున్నది ఎంత', 'అయింది ఎంత', 'వచ్చే వారం ఎంత'. బొమ్మలు లేవు, కొటేషన్లు లేవు. ఈ డైరీ తయారుచేసిన మనిషి మొత్తానికి బుర్ర పెట్టిన పేజీ ఇదొక్కటే అనిపించింది.

ఎందుకంటున్నానంటే, ఎగ్జిబిషన్లో రింగులేసే ఆట ఆడారు కదా? ముందు వరసలో సబ్బులు, చివర్లో గోడ గడియారం. హార్వర్డ్‌లో మెక్‌క్లీలాండ్ అని ఒక సైకాలజిస్టు ఉండేవాడు. ఆయన ఇలాంటి ఆటే పెట్టి, ఎంత దూరం నుంచి వేస్తారో మీ ఇష్టం అన్నాడు. కొందరు మేకు పక్కనే నిలబడి వేశారు. కొందరు గోడ దాకా వెళ్లి అదృష్టం మీద వదిలేశారు. సాధించాలన్న తపన ఎక్కువున్నవాళ్లు మాత్రం మధ్యలో నిలబడ్డారు. కొంచెం కష్టపడితే పడేంత దూరంలో. వాళ్లకి పడిందా లేదా అన్నది వెంటనే తెలియాలి. ఈ ఆదివారం పేజీ అడిగేదీ అదే. డబ్బు కూడా వాళ్లకి మార్కుల్లాంటిదేనట, ఎంత బాగా చేశామో చూసుకోవడానికి.

ఆ మెక్‌క్లీలాండ్ 1964లో ఏ ఊరి వాళ్లని ఎంచుకున్నాడనుకుంటున్నారు? మా కాకినాడ! నిజమండీ. మా ఊరి చిన్న వ్యాపారుల్ని యాభై మంది దాకా హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు దాన్నే ఎన్ఐ ఎంఎస్ఎంఈ అంటున్నారు. బొమ్మలు చూపించి కథలు చెప్పించడం, ఆ కథల్లో సాధించాలన్న ఆలోచన ఎంతుందో లెక్కగట్టడం, అలాంటి ఆలోచన నేర్పించడం. తర్వాత చూస్తే, శిక్షణ తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కంటే చురుగ్గా వ్యాపారం పెంచారు. సంప్రదాయ నమ్మకాలు అడ్డొస్తాయేమో అనుకున్నారు, అవీ అడ్డం రాలేదట. అంటే ఈ తపన పుట్టుకతోనే రావాలనేం లేదు, నేర్పితే వస్తుంది. మా ఊళ్లో ఇది జరిగిందని నాకు మొన్నమొన్నటి దాకా తెలియదు, సిగ్గేసింది.

మా నాన్నకి ఆ శిక్షణ ఏదీ లేదు, జగన్నాథపురంలో చిన్న టిఫిన్ హోటల్. రాత్రి కొట్టు కట్టేశాక గిన్నెలో మిగిలిన పిండి వైపు ఓ చూపు చూసి, సున్నం గోడ మీద బొగ్గుతో ఒక అంకె వేసేవాడు. మిగిలితే మర్నాడు పప్పు ఓ గ్లాసు తగ్గేది. తొమ్మిదికే అయిపోతే ఓ గ్లాసు పెరిగేది. ఒక్కసారి కూడా రెండు గ్లాసులు పెంచగా నేను చూడలేదు. ఈ ఆదివారం పేజీ తెరిచినప్పుడల్లా నాకు ఆ బొగ్గు అంకెలే కనిపిస్తున్నాయి. అందుకే కాస్త పక్షపాతంగా మాట్లాడుతున్నా, ఏమనుకోకండి.

మొదట్లో ఉన్న 'పదేళ్ల తర్వాత నేను' అనే బంగారు పేజీలు నేనైతే ఒక్క మాట రాసి దాటేశా. సొంత ఇల్లు అని రాశాను, మా ఆవిడ చూసి నవ్వింది. గోడ దగ్గర నిలబడి రింగు వేయడమే కదా అది.

మరి కొనొచ్చా? 899 పెట్టి కొనమని నేను చెప్పను. ఫ్రీగా వచ్చింది కాబట్టి నేను వాడుతున్నా, వాడతా కూడా. కంపెనీ వాళ్లు ఈ వీడియో చూస్తే ఒక్క మాట: ఆ 21 గడులు పీకేయండి, ఆదివారం పేజీలు విడిగా కుట్టి 150కి అమ్మండి, మొదటి రెండు నేనే కొంటా.

ఈ వారం పేజీ చూపించి వెళ్తా. అనుకున్నది: గురువారానికి ఈ వీడియో ఎడిటింగ్ పూర్తి. అయింది: ఇప్పుడు ఆదివారం రాత్రి పదకొండున్నర, ఇంకా షూటింగే నడుస్తోంది. వచ్చే వారం గడిలో... శుక్రవారం అని రాస్తున్నా. ఉంటానండి.