చెరువు గట్టున ఒక్క బోర్డు, 16 లైన్లు: పోల్ సిస్టమ్ కాల్ ఎలా పనిచేస్తుంది

[తెరపై: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు, రాత్రివేళ. తిరుగుతున్న ఏరేటర్లు. మోటారు షెడ్డు గోడకి బిగించిన చిన్న లినక్స్ బోర్డు.]

నమస్కారమండి. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వెనామీ చెరువులకి రాత్రిపూట గండం ఆక్సిజన్‌తోనే. పొద్దుగూకితే నీటిలో ఆక్సిజన్ తయారవడం ఆగుతుంది, వాడకం ఆగదు. తెల్లవారుజాముకి అడుగంటుతుంది. ఆ వేళప్పుడు ఆక్సిజన్ కొలిచే ప్రోబుల నుంచి రీడింగులు తీసుకుని, ఏరేటర్ ప్యానెళ్లని కనిపెట్టుకుని ఉండే బోర్డు ఒకటుందనుకుందాం. దానిలో నడిచే ప్రోగ్రామ్‌కి ఆయువుపట్టు పోల్ అనే సిస్టమ్ కాల్, అంటే ప్రోగ్రామ్ కెర్నల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని) పని అడిగే పద్ధతి. ఎన్నో లైన్లలో దేనిలో కబురుందో ఒకేసారి కనిపెట్టి చెప్పడం పోల్ పని. ఈ వీడియో దాని గురించే.

మన లెక్క ఇదండి. మూడు ఆక్సిజన్ ప్రోబులు, ఒక్కోటీ ఒక్కో ఆర్‌ఎస్ 485 కన్వర్టర్ (సీరియల్ లైనుని యూఎస్‌బీకి మార్చేది) మీద యూఎస్‌బీ పోర్టుకి వస్తుంది. పన్నెండు ఏరేటర్ ప్యానెళ్లు వైఫై మీద టీసీపీ (నెట్‌వర్క్) కనెక్షన్లు. కొత్త కనెక్షన్లు అందుకోడానికి ఒక లిజనింగ్ సాకెట్. మొత్తం 16 ఫైల్ డిస్క్రిప్టర్లు, అంటే తెరిచిన ఒక్కో లైనుకి కెర్నల్ ఇచ్చే నంబర్లు.

మామూలుగా రీడ్ పిలిస్తే డేటా వచ్చేదాకా ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. ఒకటో చెరువు ప్రోబు వైరు తెగితే ఆ రీడ్ ఇక తిరిగి రాదు, ఏడో చెరువు ప్యానెల్ ఎంత మొత్తుకున్నా వినే నాథుడుండడు. ఒక్కోదానికి ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే దారి) పెట్టొచ్చు గానీ, అప్పుడు అందరూ ముట్టుకునే డేటాకి తాళాలు వేసుకుంటూ కూర్చోవాలి. 16 లైన్లకి అంత హడావుడి అక్కర్లేదు.

[తెరపై: మూడు గడుల పట్టిక. ఎఫ్‌డీ, ఈవెంట్స్, రీవెంట్స్.]

పోల్‌కి మూడే ఇవ్వాలి: ఒక పట్టిక, అందులో ఎన్ని వరుసలున్నాయో ఆ సంఖ్య, మిల్లీసెకన్లలో గడువు. ఒక్కో వరుసలో డిస్క్రిప్టర్ నంబరు 4 బైట్లు, ఈవెంట్స్ 2, రీవెంట్స్ 2. మన 16 వరుసలకీ కలిపి 128 బైట్లే. ఈవెంట్స్‌లో మనం అడిగేది రాస్తాం, రీవెంట్స్‌లో కెర్నల్ జవాబు రాస్తుంది. అడిగేదీ జవాబూ విడివిడిగా ఉండటమే పోల్‌లో ఉన్న సుఖం. ఇదే పని చేసే 1983 నాటి సెలెక్ట్ అనే కాల్‌లో మనం ఇచ్చిన సెట్ల మీదే జవాబు రాసేస్తుంది కాబట్టి ప్రతిసారీ మళ్లీ నింపుకోవాలి. పైగా లినక్స్‌లో, గ్లిబ్‌సీ (మామూలు సీ లైబ్రరీ)తో, అది 1023వ నంబరు డిస్క్రిప్టర్ దాకానే పనిచేస్తుంది. అది దాటిన నంబరు సెట్‌లో పెడితే ఎర్రర్ రాదు, పక్కనున్న మెమరీ పాడవుతుంది. కొత్తగా రాసే ప్రోగ్రామ్‌లో సెలెక్ట్ వద్దండి.

తిరిగొచ్చే విలువ సున్నా అయితే గడువు తీరింది. సున్నా కంటే ఎక్కువైతే, ఆ విలువ ఎంతో అన్ని వరుసల్లో కబురుంది. మైనస్ ఒకటి వస్తే ఎర్‌నో (తప్పేంటో చెప్పే నంబరు) చూడాలి. ఈఇంటర్ అయితే మధ్యలో సిగ్నల్ (ప్రోగ్రామ్‌కి కెర్నల్ అందించే పిలుపు) వచ్చిందంతే, కంగారు లేదు. సిగ్నల్ పెట్టేటప్పుడు రీస్టార్ట్ ఫ్లాగ్ ఇచ్చినా పోల్ దానంతటది మళ్లీ మొదలవదు. మనమే మిగిలిన గడువు లెక్కగట్టి పిలవాలి.

ఈవెంట్స్‌లో అడిగే గుర్తుల్లో మొదటిది పోల్‌ఇన్. అంటే చదివితే ఆగిపోం అని. అంతే. నిండు సందేశం వచ్చిందని కాదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం.

[తెరపై: 9 బైట్లు, ఒక్కొక్కటే వస్తూ.]

ప్రోబుతో మాట్లాడే పద్ధతి మాడ్‌బస్ ఆర్‌టీయూ. అందులో ప్రోబుని రెండు రిజిస్టర్లు అడిగితే జవాబు 9 బైట్లు: అడ్రస్ 1, ఫంక్షన్ 1, లెక్క 1, డేటా 4, సీఆర్‌సీ (దారిలో డేటా చెడిందేమో చూసే లెక్క) 2. వేగం 9600 బాడ్, పారిటీ లేకుండా ఒక స్టాప్ బిట్ అయితే బైటుకి 10 బిట్లు, అంటే మొత్తం రావడానికి 9 మిల్లీసెకన్ల పైమాట. మొదటి రెండు బైట్లు రాగానే పోల్ లేవొచ్చు. ఆ రెండింటినీ ఆ పోర్టుకి కేటాయించిన బఫర్‌లో దాచి, మళ్లీ పోల్‌కి వెళ్లిపోవాలి. 9 నిండాక సీఆర్‌సీ చూడాలి. మిగతావి వచ్చేదాకా అక్కడే రీడ్‌లో కూర్చుంటే, వైరు తెగిన రోజున మళ్లీ మొదటికే వస్తాం.

ఇంకొకటి. సీరియల్ పోర్టుని రా మోడ్‌లో (బైట్లని ఉన్నవి ఉన్నట్టే ఇచ్చే పద్ధతి) పెట్టకపోతే కెర్నల్ కొత్త లైను గుర్తు కోసం ఎదురుచూస్తుంది, 9 బైట్లొచ్చినా పోల్‌ఇన్ రాదు. హెక్స్‌లో 13 అనే బైటు ఫ్లో కంట్రోల్ గుర్తనుకుని మింగేస్తుంది కూడా. అప్పుడు సీఆర్‌సీ ఒక్కోసారి తప్పుతుంది, ఎందుకో అంతుపట్టదు. ముందే సీఎఫ్‌మేక్‌రా (రా మోడ్ సెట్టింగులు నింపే ఫంక్షన్) పిలిచి ఆ సెట్టింగులు పోర్టుకి ఎక్కించండి. డిస్క్రిప్టర్లన్నీ నాన్‌బ్లాకింగ్‌లో ఉంచండి, అప్పుడు డేటా లేకపోతే రీడ్ ఆగకుండా ఈఎగైన్ అనే ఎర్రర్‌తో తిరిగొస్తుంది. డేటా ఉందని పోల్ చెప్పాక కూడా అరుదుగా రీడ్ ఆగిపోయే సందర్భాలుంటాయి, కొత్త కనెక్షన్ అందుకునే యాక్సెప్ట్‌కీ అంతే.

పోల్‌అవుట్ సంగతి. అంటే రాస్తే ఆగిపోం అని. పంపే బఫర్‌లో చోటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అందుకని దాన్ని ఎప్పుడూ అడుగుతూ ఉంటే పోల్ క్షణం కూడా నిద్రపోదు, సీపీయూ 100 శాతానికి పోతుంది. రైట్ ఈఎగైన్ ఇచ్చి డేటా మిగిలిపోతేనే అడగండి, పంపేశాక తీసేయండి.

పోల్‌హప్ (లైను తెగింది), పోల్‌ఎర్ (ఎర్రర్), పోల్‌ఎన్‌వాల్ (ఆ నంబరు తెరిచి లేదు) అడగకపోయినా వస్తాయి. పోల్‌ఇన్ ఒక్కటే చూసి ఊరుకుంటే లూప్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. యూఎస్‌బీ కన్వర్టర్ ఊడితే పోల్‌హప్, పోల్‌ఎర్ వస్తాయి, రీడ్ సున్నా ఇస్తుంది. ఆ పోర్టు మూసి, కొన్ని సెకన్లకోసారి తెరవడానికి ప్రయత్నించాలి. టీసీపీలో అవతలివాళ్లు పద్ధతిగా మూసేస్తే పోల్‌ఇన్ వచ్చి రీడ్ సున్నా ఇస్తుంది, పోల్‌హప్ కోసం చూడకండి. మూసిన వెంటనే పట్టికలో ఆ వరుస ఎఫ్‌డీ మైనస్ ఒకటి చేయండి. నెగటివ్ నంబర్లని పోల్ పట్టించుకోదు. అలా చేయకపోతే పోల్‌ఎన్‌వాల్ వస్తుంది. అంతకంటే చేటు ఇంకోటుంది: కెర్నల్ ఖాళీగా ఉన్న అతి చిన్న నంబరునే కొత్త కనెక్షన్‌కి ఇస్తుంది కాబట్టి, పాత చెరువు వరుసలో కొత్త చెరువు డేటా వచ్చి పడుతుంది.

[తెరపై: ఒక చెరువు దగ్గర దీపాలు ఆరిపోతాయి. బోర్డు తెర మీద ఆ ప్యానెల్ ఇంకా పచ్చగానే ఉంటుంది.]

ఇక అసలు విషయం. ప్యానెల్‌కి కరెంటు పోయింది. మూసేస్తున్నానని చెప్పే ప్యాకెట్ పంపే వ్యవధి దానికి లేదు. మన పోల్‌కి ఏమీ తెలియదు, ఎందుకంటే ఏమీ రాలేదు. సాకెట్‌కి కీప్‌అలైవ్ (అవతలివాళ్లు ఉన్నారా అని కెర్నల్ అడిగే పరీక్ష) పెట్టినా లినక్స్ మామూలు సెట్టింగులో మొదటి పరీక్ష 7200 సెకన్లకి. ఆ తర్వాత 75 సెకన్లకొకటి చొప్పున 9 సార్లు అడుగుతుంది. రెండు గంటలు దాటిపోతాయి, చెరువుకి అంత టైము లేదు. ఈలోపు మనం ఏరేటర్ ఆన్ చేయమని ఆజ్ఞ పంపితే? రైట్ విజయవంతం అంటుంది! డేటా మన బఫర్‌లో పడింది, అంతవరకే దాని పూచీ. కెర్నల్ మళ్లీ మళ్లీ పంపి ఆశ వదులుకునేసరికి మామూలుగా పావుగంట దాటుతుంది. అందుకే ఏరేటర్ తిరిగిందని ప్యానెల్ నుంచి జవాబొస్తేనే తిరిగినట్టు లెక్క.

మౌనాన్ని పోల్ కనిపెట్టదు. దాన్ని మనమే గడువులతో పట్టుకోవాలి. ప్యానెల్ 15 సెకన్లకోసారి పలకాలి, 45 సెకన్లు పలక్కపోతే అలారం మోగాలి. ప్రోబుని 10 సెకన్లకోసారి అడగాలి, సెకనులో జవాబు రాకపోతే మళ్లీ అడగాలి. పోల్‌కి ఇచ్చే గడువు వీటన్నిటిలో అన్నిటికంటే ముందొచ్చేది. అది మిల్లీసెకన్లలోకి మార్చేటప్పుడు పైకి సవరించండి. కిందికి సవరిస్తే అర మిల్లీసెకను సున్నా అయిపోయి లూప్ ఊరికే తిరుగుతుంది. టైము మోనోటానిక్ క్లాక్ (తేదీ మార్చినా దూకని గడియారం) నుంచే తీసుకోండి. రాస్‌బెర్రీ పై 4 లాంటి బోర్డుల్లో కరెంటు లేనప్పుడు నడిచే గడియారం ఉండదు, కరెంటొచ్చి నెట్ అందగానే తేదీ ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. మామూలు గడియారం వాడితే అన్ని గడువులూ ఒకేసారి తీరిపోయి, బాగున్న చెరువులకి కూడా అలారాలు మోగుతాయి.

మరి వేల కనెక్షన్లకి పనికొచ్చే ఈపోల్ అనే లినక్స్ కాల్ ఎందుకు వాడలేదంటారా? పోల్ ప్రతిసారీ పట్టిక మొత్తం కెర్నల్‌కి తీసుకెళ్లి అన్నిటినీ వరసగా చూస్తుంది. 10,000 కనెక్షన్లుంటే పిలిచినప్పుడల్లా 80,000 బైట్లు, అక్కడ ఈపోల్ తప్పదు. 16కి తేడా కనిపించదు. పైగా ఈపోల్‌లో ఎడ్జ్ ట్రిగర్ (కొత్తగా డేటా వచ్చినప్పుడే కబురు చెప్పే పద్ధతి) పెట్టి, ఈఎగైన్ వచ్చేదాకా చదవడం మరిచిపోతే డేటా అలాగే ఇరుక్కుపోతుంది. ఇక్కడ పోలే మేలు.

పరీక్ష ఎలా చేయాలో చెప్తాను. ప్యానెల్ ప్రోగ్రామ్‌ని కిల్ చేసి సరిపెట్టుకోకండి, అప్పుడు దాని కెర్నల్ మర్యాదగా కనెక్షన్ మూసేస్తుంది. ప్లగ్ పీకండి. బోర్డు మీద ఎస్‌ట్రేస్ (సిస్టమ్ కాల్స్‌ని చూపించే టూల్) పెట్టి చూడండి. 64 బిట్ ఆర్మ్ బోర్డుల్లో పోల్ బదులు పీపోల్ అని కనిపిస్తుంది, అదే ఇది. 45వ సెకనుకి గడువు తీరి లేచి, ఆ వరుసని మూసి, అలారం మోగించాలి. ఈలోపు మిగతా ప్రోబుల రీడింగులు ఒక్కటి కూడా ఆలస్యం కాకూడదు.