అంగడి మాటలు: కోడిపుంజు సీసా

రఫీ: ఆఁ, రికార్డింగ్ మొదలైంది. నమస్కారం, అంగడి మాటలు, కర్నూలు నుంచి. పోయినవారం ఆ స్కూటర్ కథకు మెసేజులు పెట్టినోళ్ళందరికీ... శేషూ, నువ్వే చెప్పు.

శేషు: నేను చెప్పను. స్కూటర్ ఇంకా అక్కడే ఉంది.

రఫీ: [నవ్వు] సరే. ఈవారం, దేశం వదిలి పారిపోయి కొత్తచోట అంగడి పెట్టుకున్న శరణార్థుల గురించి. ముగ్గురి కథలు రాసుకొచ్చినా.

శేషు: మూడూ అయ్యేది లేదు, చూస్తావుండు.

రఫీ: మొదట డేవిడ్ ట్రాన్. వియత్నాంలో ఉండిన చైనా కుటుంబం. 1978 డిసెంబరులో హ్వే ఫాంగ్ అనే సరుకు ఓడెక్కి బయటపడినాడు, బంగారం పాలడబ్బాల్లో దాచుకొని. 1980లో లాస్ ఏంజెలెస్‌లో మిరపకాయ సాస్ చేసి, నీలం వ్యాన్‌లో తిరిగి తనే అమ్మినాడు. కంపెనీకి ఆ ఓడ పేరే పెట్టుకున్నాడు. సీసా మీద కోడిపుంజు, ఆయన పుట్టిన సంవత్సరం గుర్తు...

శేషు: శ్రీరాచా సాస్! మా అక్క కొడుకు బెంగళూరు నుంచి తెచ్చినాడు. ఉగ్గానిలో వేసుకుంటే తియ్యగా ఉంది భాయ్!

రఫీ: ఉగ్గానిలో ఎవరన్నా వేస్తారా దాన్ని?

శేషు: కారం అని అమ్మేటోడు కారం అమ్మాల కదా! వేసేది హలపేనో అనే మిరపకాయ, మన గుంటూరు మిర్చి పక్కన పెడితే అది కూరగాయ.

రఫీ: ఆయన అమ్మింది నీకు కాదు అబ్బీ. తన మాదిరే ఓడలెక్కి వచ్చి, నూడుల్స్ సూప్‌లోకి సరైన సాస్ దొరక్క ఉన్నోళ్ళకు.

శేషు: అది వదిలేయ్. మిరపకాయ పండించింది ఎవరు?

రఫీ: మొదలైంది.

శేషు: చెప్పు! కాలిఫోర్నియాలో ఒకే రైతు కుటుంబం, 28 ఏళ్ళు ఈయనకే పండించింది. 2016లో డబ్బు దగ్గర చెడింది, ఆ మీద కోర్టుకెక్కినారు, 2019లో జ్యూరీ ఆ రైతుకే 2 కోట్ల 30 లక్షల డాలర్ల పైన ఇప్పించమంది. తర్వాత 2022లో కాయ చాలక సాసే ఆగిపోయింది. సీసా మీద పుంజు బొమ్మ ఉంది, రైతు బొమ్మ యాడుంది?

రఫీ: రైతుకు భూమన్నా ఉంది. ఈయన ఉత్తచేతులతో దిగినాడు.

శేషు: ఉత్తచేతులా? ఇప్పుడే కదా పాలడబ్బాల్లో బంగారం అన్నావు!

రఫీ: [నవ్వు] ఉన్నదమ్ముకొని తెచ్చుకున్న బంగారమది. సముద్రంలో పోయుంటే?

శేషు: పెట్టుబడి పెట్టుబడే. మా నాయన ఏటా చేనులో పెట్టేది కూడా బంగారమే, మా అమ్మ మెడలోది. పోయినసారి బ్యాడిగి రకం మిర్చి లోడు యార్డుకు తీసుకుపోతే పొద్దున ఒక రేటు చెప్పి మధ్యాహ్నానికి ఇంకో రేటు. వెనక్కి తెస్తే లారీ బాడుగ, దాస్తే కోల్డ్ స్టోరేజీ అద్దె. రాత్రి ఆ బస్తాల మీదే పడుకున్నాడు. ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా, "దగ్గొస్తాంది, ఇంకేం లేదు" అన్నాడు.

[కాసేపు మౌనం]

రఫీ: ...మా తాత శ్రీశైలం నీళ్ళకు ఊరు పోగొట్టుకొని వచ్చినోడు, 1981లో.

శేషు: ఆయన శరణార్థి కాదు భాయ్, నిర్వాసితుడు. దేశం మారలేదు కదా.

రఫీ: కాగితంలో అట్లనే రాస్తారు. ఇంటి తలుపు ఊడబీకి ఎద్దులబండి మీద వేసుకొచ్చినాడు. ఇక్కడ బీడీలు, సోడాలు పెట్టి అమ్మింది ఆ తలుపు మీదే, కింద నాలుగు ఇటుకలు పేర్చి. మొదటి ఏడాది అప్పు ఇచ్చినోళ్ళంతా మునిగిన ఊళ్ళోళ్ళే. ఎండాకాలం సంగమేశ్వరం గుడి బయటపడితే అందరూ ఫోటోలకు పోతారు. ఈయన ఒక్కసారీ రాలేదు.

శేషు: ఆ తలుపు ఉందా ఇంకా?

రఫీ: గడియ ఊడిపోయింది. మిద్దె మీద ఉంది, మా అమ్మ వడియాలు పెడుతుంది.

శేషు: మిరపకాయలు ఎండబెట్టదా?

రఫీ: రేయ్! సరే, రెండో కథ. సిరియా నుంచి కెనడాకు పోయిన చాక్లెట్ల కుటుంబం. డమాస్కస్‌లో వాళ్ళ ఫ్యాక్టరీని...

శేషు: ఒక్క నిమిషం, ఫోను. నాయన. యార్డు నుంచి... ఆఁ నాయనా, ఎంత పలికింది?