తలుపు దగ్గర మొహమాటం వద్దు: అమెరికా స్టూడెంట్ ఇళ్లలో జాగ్రత్తలు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఆగస్టు వచ్చిందంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పెద్ద పెద్ద సూట్‌కేసులతో అమెరికా బయల్దేరే పిల్లలే కనిపిస్తారు. వీసా ఇంటర్వ్యూ గురించి, ఎడ్యుకేషన్ లోన్ గురించి వాళ్లకి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దిగాక ఉండబోయే ఇంట్లో ఎలా జాగ్రత్తగా ఉండాలో చెప్పేవాళ్లు తక్కువ. మనతో ఉన్న అక్క అక్కడే మాస్టర్స్ చేశారు. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ డార్మ్‌లో, అంటే హాస్టల్లో, ఆర్‌ఏగా పనిచేశారు. ఆర్‌ఏ అంటే రెసిడెంట్ అసిస్టెంట్, ఒక ఫ్లోర్‌లో ఉండే పిల్లల బాగోగులు చూసే స్టూడెంట్. అక్కా, ఎక్కడ మొదలుపెడదాం?

అక్క: తలుపు దగ్గర. 1986 ఏప్రిల్ 5న పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని ఆమె డార్మ్ గదిలోనే చంపేశారు. ఆ బిల్డింగ్ తలుపులకు వాటంతటవే పడే తాళాలున్నాయి. ఫ్రెండ్స్ వచ్చిపోవడానికి వీలుగా ఉంటుందని ఎవరో పిజ్జా డబ్బాలు అడ్డం పెట్టి వాటిని తెరిచి ఉంచారు. హంతకుడు అలాంటి మూడు తలుపులు దాటి లోపలికొచ్చాడు. అతనూ ఆ యూనివర్సిటీ స్టూడెంటే.

హోస్ట్: మూడు తలుపులా!

అక్క: మూడు. ఒక్కటి మూసి ఉన్నా ఏం జరిగేదో ఎవరం చెప్పలేం, కానీ నాకు ప్రతిసారీ ఆ ఆలోచనే వస్తుంది. ఆమె తల్లిదండ్రులు ఊరుకోలేదు. వాళ్ల పోరాటం వల్ల 1990లో క్లెరీ చట్టం వచ్చింది. ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ప్రతి కాలేజీ ఏటా అక్టోబర్ 1లోగా తమ క్యాంపస్‌లో గత మూడేళ్లలో జరిగిన నేరాల లెక్కలు బయటపెట్టాలి. యూనివర్సిటీ పేరు పక్కన ‘యాన్యువల్ సెక్యూరిటీ రిపోర్ట్’ అని కొట్టి వెతికితే దొరుకుతుంది. ర్యాంకులు చూసినంత శ్రద్ధగా దీన్నీ చూడమని చెప్తాను.

హోస్ట్: అది చూస్తే సరిపోతుందా?

అక్క: సరిపోదు. ఆ లెక్కల్లోకి క్యాంపస్, యూనివర్సిటీకి సంబంధించిన బిల్డింగులు, క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న రోడ్లు వస్తాయి. మాస్టర్స్‌కి వెళ్లే మన పిల్లలు ఎక్కువమంది ఉండేది బయటి ప్రైవేట్ అపార్ట్‌మెంట్లలో. అద్దె తగ్గుతుందని నలుగురు కలిసి రెండు బెడ్‌రూముల ఇల్లు తీసుకుంటారు. అక్కడ దొంగతనం జరిగితే ఆ రిపోర్టులో కనపడదు. అందుకే ఆ ఊరి పోలీసుల వెబ్‌సైట్‌లో క్రైమ్ మ్యాప్ ఉందేమో చూడాలి. సీనియర్లని అడిగే పద్ధతి కూడా మార్చుకోవాలి. ‘ఏరియా సేఫేనా అన్నా?’ అంటే ‘ఆ, బానే ఉంటుంది రా’ అంటాడు. ‘రాత్రి పదకొండింటికి బస్‌స్టాప్ నుంచి ఒక్కడివే నడిచొస్తావా? గుమ్మం ముందు పెట్టిన పార్సిళ్లు పోతుంటాయా? పార్కింగ్‌లో కార్ల అద్దాలు పగలగొట్టారా?’ అని అడగండి. అప్పుడు నిజం బయటికొస్తుంది.

హోస్ట్: తలుపు తెరిచి ఉంచడం సరే. మన వెనకాలే ఎవరైనా వస్తుంటే?

అక్క: మన పిల్లలు ఇబ్బంది పడేది అక్కడే. కార్డు గీకి లోపలికి వెళ్తుంటే వెనక ఒకరు చేతినిండా సంచులతో వస్తారు. తలుపు పట్టుకోకపోతే ఏమనుకుంటారో అని మొహమాటం. ఆర్‌ఏగా నేను మా ఫ్లోర్ వాళ్లకి మొదటి మీటింగ్‌లో చెప్పే మొదటి మాట ఇదే. తెలియని మనిషైతే ‘సారీ, మీ కార్డు గీకండి’ అనండి. అక్కడ ఉండేవాళ్లయితే ఏమీ అనుకోరు. ఎదురు వాదిస్తే వాదన పెట్టుకోవద్దు, పక్కకి తప్పుకుని క్యాంపస్ పోలీసులకి ఫోన్ చేయండి.

అపార్ట్‌మెంట్లలో ఇదే సమస్య ఇంకోలా ఉంటుంది. స్పేర్ తాళంచెవి డోర్ మ్యాట్ కింద ఉంటుంది. డోర్ కోడ్ పెద్ద వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. రెండేళ్ల క్రితం ఖాళీ చేసి వెళ్లినవాళ్ల దగ్గర కూడా తాళంచెవి ఉంటుంది. ఇంట్లో దిగగానే లాక్ మార్చమని లీజింగ్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి. నోటి మాటగా అడిగితే మర్చిపోతారు, ఈమెయిల్ అయితే రుజువుగా ఉంటుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో పక్కకి జరిగే అద్దాల తలుపు ఉంటే కింద గాడిలో సరిపడా పొడవున్న కర్ర పెట్టండి. బయటినుంచి లాక్ విప్పినా తలుపు జరగదు.

హోస్ట్: ఫ్రెండ్ ఫ్రెండ్ అని చెప్పి హాల్లో వారాలకొద్దీ పడుకునేవాళ్లు కూడా ఉంటారు కదా.

అక్క: ఉంటారు. కొత్తగా దిగిన పిల్లాడికి నాలుగు రోజులు చోటిస్తే తప్పు లేదు, మనవాళ్లు ఒకరికొకరు ఆదుకునేది అలాగే. కానీ ఇంట్లో అందరికీ ముందే చెప్పాలి, వచ్చినవాళ్ల పేరు, ఫోన్ నంబరు అందరి దగ్గరా ఉండాలి. ఎన్ని రోజులు ఉండొచ్చో లీజులో కూడా రాసి ఉంటుంది. అమ్మాయిలకి మరీ చెప్తున్నా, రూమ్మేట్ తీసుకొచ్చిన మనిషి వల్ల మీకు ఇబ్బందిగా ఉంటే అది మాట్లాడాల్సిన విషయమే. ‘తనేమైనా అనుకుంటుందేమో’ అని గదిలో తలుపేసుకుని కూర్చోవద్దు.

హోస్ట్: వంట గురించి అడగాలి. ఎండుమిర్చి పోపు పెట్టగానే స్మోక్ అలారం మోగుతుంది. చాలా ఇళ్లల్లో దానికి ప్లాస్టిక్ కవర్ కట్టేస్తారు.

అక్క: ఆ కవర్ చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. 2000 జనవరి 19 తెల్లవారుజామున న్యూజెర్సీలోని సీటన్ హాల్ యూనివర్సిటీలో బోలాండ్ హాల్ అనే డార్మ్‌లో మంటలు చెలరేగాయి. ముగ్గురు ఫస్ట్ ఇయర్ పిల్లలు చనిపోయారు, 50 మందికి పైగా గాయపడ్డారు. ఆ బిల్డింగ్‌లో అలారం ఊరికే మోగడం మామూలైపోయింది. అందుకే ఆ రోజు మోగినా చాలామంది వెంటనే లేవలేదు. గదుల్లో స్ప్రింక్లర్లు, అంటే మంట అంటుకుంటే పైనుంచి నీళ్లు చల్లేవి, లేవు. ఆ తర్వాతే న్యూజెర్సీలో డార్మ్‌లన్నింటికీ స్ప్రింక్లర్లు ఉండాలని చట్టం చేశారు.

హోస్ట్: మరి పోపు మానేయలేం కదా.

అక్క: మానక్కర్లేదు. స్టవ్ మీద ఫ్యాన్ వేయండి, కిటికీ తెరవండి, మంట తగ్గించండి. అలారం మోగితే దాని కింద టవల్‌తో గాలి విసరండి, పొగ పోగానే ఆగిపోతుంది. మరీ ఊరికే మోగుతుంటే దాన్ని స్టవ్‌కి దూరంగా మార్చమని ఓనర్‌ని అడగండి. డార్మ్‌లలో మంటలు ఎక్కువగా వంట దగ్గరే మొదలవుతాయి, అందులోనూ నూనె పెట్టి ఫోన్ మాట్లాడుతూ గదిలోకి వెళ్లినప్పుడు. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఎగిసిపడుతుంది. మూత పెట్టి స్టవ్ ఆపాలి. ఆరకపోతే బయటికి వెళ్లిపోవాలి. ల్యాప్‌టాప్ కోసమో పాస్‌పోర్ట్ కోసమో వెనక్కి వెళ్లొద్దు.

ఇంకోటి, గ్యాస్ హీటింగ్ ఉన్న ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా ఉండాలి. ఆ విషవాయువుకి రంగు ఉండదు, వాసన ఉండదు. చలికాలంలో ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే ఫ్లూ అనుకుని పడుకోవద్దు. వెంటనే అందరూ బయటికొచ్చి 911కి, అంటే అమెరికా ఎమర్జెన్సీ నంబరుకి, ఫోన్ చేసి చెప్పాలి.

హోస్ట్: ఇండియా నుంచే ఇల్లు బుక్ చేసుకునేటప్పుడు మోసపోతున్నవాళ్లు కూడా ఉన్నారు.

అక్క: మిగతా ఇళ్లకన్నా అద్దె బాగా తక్కువ ఉంటుంది, ఓనర్ ‘నేను వేరే దేశంలో ఉన్నాను’ అంటాడు, ఇల్లు చూపించకముందే డిపాజిట్ జెల్ (Zelle) అనే బ్యాంకుల మనీ ట్రాన్స్‌ఫర్ సర్వీసులో పంపమంటాడు. ఈ మూడూ కలిస్తే అక్కడితో ఆపేయండి. జెల్‌లో మన చేత్తో మనమే పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. ఆ ఊళ్లో ఉన్న సీనియర్ ఇంటికెళ్లి వీడియో కాల్‌లో చూపించాకే డబ్బు పంపాలి. చాలా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వెబ్‌సైట్లలో ఇంటి చిరునామా కొడితే ఓనర్ పేరు వస్తుంది, లీజులో ఉన్న పేరుతో సరిచూసుకోండి. ఓనర్‌కి ఇన్సూరెన్స్ ఉన్నా మీ వస్తువులకి అది వర్తించదు. అద్దెకుండేవాళ్ల వస్తువుల కోసం ఉండే రెంటర్స్ ఇన్సూరెన్స్ మామూలుగా నెలకి 10 నుంచి 20 డాలర్లలోపే వస్తుంది, తీసుకోండి.

హోస్ట్: 911కి ఫోన్ చేయడానికి భయపడేవాళ్లని చూశాను. వీసాకి ఏమైనా అవుతుందేమో, ఇంగ్లిష్‌లో తడబడతామేమో అని టెన్షన్.

అక్క: సాయం అడిగినందుకు వీసా పోదు. మొదట చిరునామా చెప్పండి, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా. తర్వాత ఏం జరిగిందో చెప్పండి. లైన్ కట్ అయినా ఎక్కడికి రావాలో వాళ్లకి తెలియాలి. భాష ఇబ్బందైతే ‘తెలుగు’ అని చెప్పండి, చాలాచోట్ల ఫోన్‌లోనే దుబాసీని కలుపుతారు. రాత్రి లైబ్రరీ నుంచి ఒంటరిగా రావాల్సి వస్తే చాలా క్యాంపస్‌లలో సేఫ్ రైడ్ గానీ, తోడు నడిచొచ్చే ఎస్కార్ట్ గానీ ఉంటాయి. మన ఫీజులతోనే నడుస్తాయి, వాడుకోండి.

హోస్ట్: చివరిగా ఇక్కడున్న అమ్మానాన్నల సంగతి. ఖమ్మంలోనో ఒంగోలులోనో కూర్చుని, పిల్లాడు రెండు రోజులుగా ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలి?

అక్క: ఇక్కడినుంచి 911 కొడితే అమెరికాకి కలవదు. అందుకే పిల్లలు బయల్దేరే ముందే ఇంట్లో ఒక కాగితం రాసి పెట్టాలి. పూర్తి చిరునామా, ఇద్దరు రూమ్మేట్ల నంబర్లు, వేరే ఇంట్లో ఉండే ఒక ఫ్రెండ్ నంబరు, క్యాంపస్ పోలీసుల పది అంకెల నంబరు, ఆ ఊరి పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరు, దగ్గర్లోని ఇండియన్ కాన్సులేట్ నంబరు. నంబరు ముందు అమెరికా కోడ్ +1 కలిపి పోలీసులకి ఫోన్ చేసి ‘వెల్ఫేర్ చెక్’ అడగాలి. ఇంటికెళ్లి తలుపు తట్టి చూసొస్తారు. పెద్దవాళ్లకి ఇంగ్లిష్ రాకపోతే ఆ ఫోన్ ఎవరు చేస్తారో కూడా ముందే అనుకోండి, మేనమామో పక్కింటి లెక్చరరో. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో స్టూడెంట్‌గా రిజిస్టర్ అయితే కాన్సులేట్ దగ్గర కూడా వివరాలు ఉంటాయి. ఇల్లు మారినప్పుడల్లా ఆ కాగితంలో చిరునామా మార్చాలి. మొదటి సెమిస్టర్ అవగానే చాలామంది ఇల్లు మారతారు, అమ్మ దగ్గర పాత అడ్రసే ఉండిపోతుంది.

హోస్ట్: ఆ కాగితంలో ఏమేం ఉండాలో ఎపిసోడ్ వివరాల్లో తెలుగులో పెడతాం, ప్రింట్ తీసుకుని ఫ్రిజ్ మీద అంటించుకోండి. థాంక్యూ అక్కా.