మరకైబో ఒడ్డు వాళ్ళకు సైన్సు పడిన బాకీ

సభకు నమస్కారం.

నరాల జబ్బుల జన్యుశాస్త్రం గురించి మాట్లాడమని పిలిచారు. ఆ సబ్జెక్టు మొత్తం ఒక్క సాయంత్రంలో చుట్టబెట్టడం నాకు ఇష్టం లేదు. ఒక జబ్బు, ఒక పరిశోధకురాలు, ఒక సరస్సు చుట్టూ ఉన్న కొన్ని పల్లెలు. అంతవరకే మాట్లాడతాను. జబ్బు హంటింగ్టన్. పరిశోధకురాలు నాన్సీ వెక్స్లర్. పల్లెలు వెనెజ్వేలాలో, మరకైబో సరస్సు ఒడ్డున ఉన్నాయి.

1968లో లాస్ ఏంజిలస్‌లో నాన్సీ తల్లి లియొనోర్ వెక్స్లర్ పొద్దున్నే కోర్టుకు నడిచి వెళ్తోంది. అడుగు తడబడుతోంది. ఒక పోలీసు చూసి, ఇంత పొద్దున్నే తాగడానికి సిగ్గు లేదా అని అడిగాడు. ఆవిడ తాగలేదు. జంతుశాస్త్రం చదువుకున్న మనిషి. తండ్రినీ ముగ్గురు అన్నదమ్ములనూ పట్టుకున్న జబ్బే ఆవిడనూ పట్టుకుంది.

అంతకు పదేళ్ళకు పైగా ముందు, మరకైబో దగ్గర సాన్ లూయిస్ అనే పేదల పేటలో అమెరికో నెగ్రెట్టే అనే కుర్ర డాక్టరు కూడా అలాగే పొరబడ్డాడు. వీధిలో తూలుతూ నడిచేవాళ్ళను చూసి తాగుబోతులనుకున్నాడు. కాదు, అది జబ్బు అని అక్కడివాళ్ళే చెప్పారు. ఆయన విన్నాడు, ఇల్లిల్లూ తిరిగాడు, అది హంటింగ్టనే అని 1955లో ప్రకటించాడు. అప్పట్లో ఆయన మాట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో ఈ కథలో మొదటి దండం ఆయనకు పెట్టాలి. మన ఊళ్ళలో కూడా ఇలాంటి మనిషిని చూస్తే మందు కొట్టాడనో గాలి సోకిందనో అనేస్తాం కదా.

ఈ జబ్బు సాధారణంగా ముప్ఫై, నలభై ఏళ్ళ వయసులో బయటపడుతుంది. అప్పటికే పెళ్ళయి పిల్లలు పుట్టి ఉంటారు. ముందు చిరాకు, దిగులు, మతిమరుపు. తర్వాత చేతులు, కాళ్ళు, ముఖం మన ప్రమేయం లేకుండా మెలికలు తిరుగుతాయి. మాట ముద్దవుతుంది, మింగడం కష్టమవుతుంది. పదిహేను, ఇరవై ఏళ్ళలో మనిషి పోతాడు. తల్లికి గానీ తండ్రికి గానీ ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, ప్రతి కాన్పుకూ కొత్తగా బొమ్మా బొరుసే. తప్పించుకున్న బిడ్డ సంతానానికి ఇక రాదు. ఈ సంగతి 1872లోనే ఇరవై రెండేళ్ళ జార్జ్ హంటింగ్టన్ రాశాడు. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో చెప్పే మెండెల్ సూత్రాలు లోకానికి తెలిసింది 1900లో.

లియొనోర్ భర్త మిల్టన్ మానసిక విశ్లేషకుడు. కూతుళ్ళిద్దరినీ, ఆలిస్‌నూ నాన్సీనీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. పిల్లల్ని కనకూడదని ఆ అక్కాచెల్లెళ్ళు ఆ రోజే అనుకున్నారు. మిల్టన్ ఆ ఏడాదే ఈ జబ్బు పరిశోధన కోసం ఒక సంస్థ పెట్టాడు. నాన్సీ క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ చేసి ఆ పనిలోకి దిగింది.

మరకైబోకే ఎందుకు వెళ్ళింది? మనవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. అక్కడ బంధువుల్లో పెళ్ళిళ్ళు ఎక్కువ. తల్లికీ తండ్రికీ కూడా జబ్బు ఉన్న ఇళ్ళుంటాయి. అంటే చెడిన జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చిన మనిషి దొరకవచ్చు, అతనిలో జబ్బు మూలం తేటగా కనబడవచ్చు అని ఆశ. అలాంటివాళ్ళు దొరికారు. రెండు కాపీలున్నా ఒకటే ఉన్నా జబ్బు మొదలయ్యే వయసులో పెద్ద తేడా లేదని 1987లో తేలింది.

1979లో మొదటిసారి వెళ్ళింది, 1981 నుంచి ఏటా బృందంతో వెళ్ళింది. లగునేటాస్ అనే ఊళ్ళో ఇళ్ళు నీళ్ళలో కర్రల మీద ఉంటాయి, పడవలోనే పోవాలి. ఎవరికి ఎవరు పుట్టారో అడిగి రాసుకోవడం, నరాల పరీక్ష చేయడం, రక్తం తీసి చెడిపోకుండా బోస్టన్‌కు విమానంలో పంపడం. ఇదీ పని. నాన్సీ జుట్టు రంగు చూసి అక్కడివాళ్ళు ఆమెను 'కతీరా', అంటే బంగారు జుట్టు పిల్ల, అనేవారు.

అయితే రక్తం ఎందుకివ్వాలి? ఈ జబ్బు తమ ఊళ్ళకు మాత్రమే పట్టిందని వాళ్ళ నమ్మకం. మా అమ్మకు కూడా ఇదే, నాకూ రావచ్చు అని నాన్సీ చెబితే నమ్మలేదు. అప్పుడు ఫిడెలా గోమెజ్ అనే అర్జెంటీనా నర్సు నాన్సీ చెయ్యి పట్టుకుని పైకెత్తింది. పరిశోధన కోసం చర్మం ముక్క ఇచ్చినప్పుడు పడిన చిన్న మచ్చ ఆ చేతి మీద ఉంది. ఆ మచ్చ చూపిస్తూ జనం మధ్య తిప్పింది. ఈమెకూ ఉంది చూడండి, ఈమె కూడా ఇచ్చింది, అని. ఆ తర్వాత చేతులు చాపారు. నాలుగు వేలకు పైగా రక్త నమూనాలు, పద్దెనిమిది వేల మందికి పైగా ఉన్న వంశవృక్షం, పది తరాలు. ఆ వృక్షం పై కొసన మరియా కన్సెప్సియోన్ సోతో అనే పందొమ్మిదో శతాబ్దపు ఆవిడ ఉంది.

1983లో బోస్టన్‌లో జేమ్స్ గుసెల్లా, ఆ రక్తంతోనే, జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని పట్టుకున్నాడు. వందల డీఎన్‌ఏ గుర్తులు వెతకాల్సి వస్తుందనుకుంటే మొదటి పన్నెండులోనే దొరికింది. అసలు జన్యువు చేతికి రావడానికి మాత్రం ఇంకో పదేళ్ళు పట్టింది. 1993లో ఆరు బృందాల్లోని 58 మంది కలిసి ప్రకటించారు. ఆ జన్యువులో సీఏజీ అనే మూడు డీఎన్‌ఏ అక్షరాలు వరసగా మళ్ళీ మళ్ళీ వస్తాయి. 35 సార్ల వరకు వస్తే జబ్బు రాదు. 40, ఆపైన అయితే తప్పదు. వరస ఎంత పొడవైతే అంత చిన్న వయసులో మొదలవుతుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే ఎస్‌సీఏ 1, 2 రకాల అటాక్సియాలు, అంటే నడక తూలే నరాల జబ్బులు, కూడా ఇలాంటి సీఏజీ పొడుగు వల్ల వచ్చేవే.

రక్త పరీక్ష వచ్చేసింది. నయం చేసే మందు రాలేదు. పరీక్షకు దారి వేసిన నాన్సీ తన సొంత ఫలితం గురించి ఏళ్ళ తరబడి లోకానికి ఏమీ చెప్పలేదు. తెలుసుకోవడం ఎంత హక్కో తెలుసుకోకపోవడమూ అంత హక్కు అని పట్టుబట్టింది. 2020లో తనకు ఆ జబ్బు ఉందని బయటపెట్టింది.

మెలికలు తగ్గించే మందులున్నాయి. మూలాన్ని కొట్టే మందు కోసం ట్రయల్స్ సాగుతున్నాయి. ఎంతో ఆశ పెట్టుకున్న ఒక ట్రయల్‌ను 2021లో మధ్యలోనే ఆపేశారు. ఇక్కడ నన్ను గట్టిగా కలచివేసేది ఒకటుంది. రోగుల కోసం మరకైబోలో 1999లో తెరిచిన ఆశ్రయం డబ్బు చాలక తర్వాత మూతబడింది. ప్రపంచానికి జన్యువును ఇచ్చిన కుటుంబాల్లో ఎందరికో ఇవాళ సరైన తిండి, మామూలు మందులు కూడా అందడం లేదు. రేపు మందు వస్తే దాని ధర వాళ్ళకు అందుతుందా అన్న ప్రశ్న పరిశోధన మొదలైన రోజే వేసుకోవాల్సింది. మన దగ్గర పల్లెల్లో రక్తం సేకరించే ప్రతి బృందమూ ఇప్పుడైనా వేసుకోవాలి.

చివరగా ఇక్కడున్న కుటుంబాలకు రెండు మాటలు. నరాల జబ్బు ఇంట్లో ఉందనగానే అంతా మేనరికం వల్లే అంటారు. హంటింగ్టన్‌కు మేనరికం అక్కర్లేదు, ఒక్క తల్లో తండ్రో చాలు. మేనరికంతో ముప్పు పెరిగేది వేరే రకం జబ్బులకు, ఇద్దరి నుంచీ చెడు కాపీ వస్తేనే బయటపడేవాటికి. కాబట్టి కోడలి వైపునో అల్లుడి వైపునో నింద వేయకముందు న్యూరాలజిస్టు చేత జబ్బు పేరు తేల్చుకోండి. లక్షణాలు లేనివాళ్ళు పరీక్షకు రక్తం ఇచ్చే ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు, లక్షణాలు లేనప్పుడు, ఈ పరీక్ష చేయించకండి. పెద్దయ్యాక కావాలో వద్దో వాళ్ళే చెబుతారు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.